ఏ కాగితం ఏ అరలో? – కచేరీ రికార్డు గది నుంచి కంప్యూటరు దాకా

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆత్మకూరులో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీం కోర్టు, పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గం వారు నన్ను పిలిచి, "కంప్యూటర్లో, సెల్‌ఫోనులో మన కాగితాలు అసలు ఎక్కడ ఉంటాయో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. సర్వీసులో ఎక్కువ భాగం కాగితాలను కట్టలు కట్టి అరల్లో పెట్టడం, అడిగినప్పుడు తీసి ఇవ్వడం నా పని. ఆ దృష్టితోనే చెబుతాను. తప్పులుంటే పిల్లలు సరిదిద్దాలి.

ముందు ఒక ఇంటి సంగతి. మాతో కలిసి పనిచేసిన మిత్రుడొకరు కాలం చేశారు. కర్మలయ్యాక ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, ఫ్యామిలీ పెన్షనుకు కాగితాలు తెమ్మంటున్నారు. ఆయన అన్నీ ఫోనులో ఎక్కించాను, ఇక దిగుల్లేదు అనేవారు. ఇదిగో ఫోను" అని నా చేతిలో పెట్టింది. సంగతేమంటే, బీరువా అడుగున చెదలు పట్టి పి.పి.ఓ., సర్వీసు కాగితాలు సగం పాడయ్యాయి. మిగిలినదైనా దక్కించుకుందామని ఆయన ఒక స్కానింగు యాప్‌తో అన్నిటికీ బొమ్మలు తీసి పెట్టుకుని, చెదలు తిన్న కట్టను పారేశారు. ఫోనంతా వెతికాం. యాప్ లేదు, కాగితాలూ లేవు. ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఫోను నిండిపోయిందని కొడుకు అక్కరలేని యాప్‌లు తీసేశాడట. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. "నేను యాప్ తీసేశాను గానీ కాగితాలు తీసెయ్యలేదు మామయ్యా" అన్నాడు.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. కాగితాలు నాన్నవి, యాప్ ఎవరిదో, ఆ రెండూ వేరు అనుకున్నాడు. కానీ ఆ యాప్ రాసినవాళ్ళు కాగితాలను ఏ గదిలో పెట్టారో అతనికి తెలియదు. మనకూ తెలియదు. ప్రోగ్రాము అనేది తన వస్తువులను ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న మనకు సంబంధం లేనిదిగా కనిపిస్తుంది. తీరా చూస్తే అది ఒక ఇల్లాలి పింఛను దాకా వచ్చింది.

ఈ ప్రశ్న మన జిల్లాకు కొత్త కాదు. 1984 జనవరి 6న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణాలు, మునసబుల ఉద్యోగాలను రద్దు చేసింది. పెద్దలందరికీ గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు ఉదయగిరి ప్రాంతంలో కుర్ర గుమాస్తాను. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వెంట ఊళ్ళు తిరిగి గ్రామ రికార్డులు స్వాధీనం చేసుకునే పని పడింది. ఆ రోజుల్లో చాలా ఊళ్ళలో కరణంగారి ఇల్లే కచేరీ.

ఒక ఊళ్ళో కరణంగారు వయసు మళ్ళినవారు. వసారాలో రెండు పెట్టెలు పెట్టి ఉంచారు. ఒకదాని మీద సున్నంతో 'స' అని రాసి ఉంది, సర్కారు అన్నమాట. "బాబూ, అది మీది, ఇది నాది" అన్నారు. తెరిస్తే అడంగళ్ళు, చిట్టాలు, డైగ్లాటు, ఎఫ్.ఎం.బి. అన్నీ ఫసలీవారీగా కట్టలు. జాబితా రాసి సంతకాలు తీసుకోవడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ లెక్కలో తేడా లేదు.

ఇంకో ఊళ్ళో ఒకటే భోషాణం. అడంగళ్ళ మధ్యన శుభలేఖలు, ప్రామిసరీ నోట్లు, పాత పంచాంగాలు, పిల్లల జాతకాలు. మూడు రోజులు కూర్చున్నాం. ఒక ఫసలీ అడంగలు ఎంతకూ దొరకలేదు. చివరికి అటక మీద ఆయన సొంత దస్తావేజుల సంచిలో బయటపడింది. ఆయన చెడ్డవాడు కాదు, దాచాలనీ అనుకోలేదు. సర్కారు కాగితమూ, సొంత కాగితమూ, పారేయవలసిన కాగితమూ ఒకే పెట్టెలో పడితే ఏది ఏదో ఆయనకే తెలియలేదు.

ఈ బాధ లేకుండా చెయ్యడానికే కదా మన ఆఫీసుల్లో టాటెన్‌హామ్ పద్ధతి పెట్టారు. వచ్చిన తపాలు రిజిస్టరులో ఎక్కాలి. సాధారణ ఉత్తర్వులు స్టాకు ఫైలులో ఉండాలి. పని ముగిసిన ఫైలు మీద దాని ఆయుష్షు రాయాలి. ఆర్.డిస్. అంటే శాశ్వతం, డి.డిస్. అంటే 10 ఏళ్ళు, ఎల్.డిస్. అంటే ఏడాది. ఫైలు ఏ అరలోకి పోతుందో, ఎప్పుడు చింపవచ్చో ఆ రెండక్షరాలు నిర్ణయిస్తాయి. శాశ్వతంగా ఉండవలసిన ఫైలు మీద పొరపాటున ఎల్.డిస్. అని పడితే, ఏడాది తిరిగాక రికార్డు అసిస్టెంటు దాన్ని చింపేస్తాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. తప్పు ఆ అక్షరాలు రాసినవాడిది.

ఇక కంప్యూటరుకు వద్దాం. మా ఇంట్లో మూలపడిన పాత కంప్యూటరుంటే, ఇంజనీరింగు చదివే మా మనవరాలు అందులో లైనక్స్ వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనాశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు ప్రారంభించిన వ్యవస్థ యూనిక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి అదే బాణీలో లైనక్స్ మొదలుపెట్టాడు. మన సీడాక్ వారి 'బాస్' కూడా లైనక్సే. మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాది కూడా లైనక్సే.

విండోస్‌లో సి డ్రైవు, డి డ్రైవు అని వేరు వేరుగా ఉంటాయి. యూనిక్స్ వంశంలో అన్నీ ఒకే చెట్టు. దాని మొదటికి రూట్ అని పేరు, అంటే వేరు. అక్కడి నుంచి కొమ్మలు. 'బిన్' అనే కొమ్మలో నడిచే ప్రోగ్రాములుంటాయి. 'ఈటీసీ' అని ఇంకొకటి. ఎట్‌సెట్రా, అంటే మన వగైరా! పేరు వగైరా అయినా, ఈ రోజు అది యంత్రం మొత్తానికి వర్తించే ఉత్తర్వులుండే చోటు, మన స్టాకు ఫైలు వంటిది. 'వార్' అనే కొమ్మలో రోజూ మారేవి, పెరిగేవి ఉంటాయి. ఏ పని ఎప్పుడు జరిగిందో రాసే చిట్టాలు అక్కడే. 'టీఎంపీ' అంటే తాత్కాలికం. యంత్రం ఆపి మళ్ళీ పెడితే అందులోవి ఉంటాయన్న హామీ లేదు. 'హోమ్' అనే కొమ్మలో ఆ యంత్రం వాడే మనుషుల ఇళ్ళుంటాయి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇల్లు.

'యూఎస్ఆర్' అని ఒక కొమ్మ ఉంది. మొదట్లో వాడుకరుల ఇళ్ళు అందులోనే ఉండేవి. బెల్ ల్యాబ్స్ వారి మొదటి డిస్కు నిండిపోవడంతో, మిగిలిన ప్రోగ్రాములను రెండో డిస్కు మీద ఉన్న ఆ కొమ్మలోకి తరలించారు. తరవాత ఇళ్ళు వేరే చోటికి పోయాయి గానీ ప్రోగ్రాములు మాత్రం అక్కడే ఉండిపోయాయి. రికార్డు గది నిండిందని వరండాలో పెట్టిన బీరువాలు, పెట్టినవారు రిటైరైనా వరండాలోనే ఉండటం మనం చూడలేదా! అదే సంగతి.

లైనక్స్ వ్యాపించే కొద్దీ, తయారుచేసే ఒక్కొక్క బృందం ఒక్కొక్క రకంగా సర్దసాగింది. అందుకని 1994లో అందరూ కూర్చుని ఏది ఎక్కడ ఉండాలో ఒక నియమావళి రాసుకున్నారు. అదే 1997లో కొత్త పేరుతో విస్తరించింది, 2015లో మూడవ కూర్పు వచ్చింది. దాని మూల సూత్రం మన రికార్డు కీపరు ఎవరైనా ఒప్పుకునేదే. మారేవాటిని, మారనివాటిని విడదీయాలి. నలుగురూ పంచుకోదగినవాటిని, ఒక్క యంత్రానికే చెందినవాటిని విడదీయాలి.

ఇది యంత్రానికి సంబంధించిన ఏర్పాటు. మరి ఇంటి లోపల? ప్రతి ప్రోగ్రామూ వాడే మనిషికి సంబంధించిన సామాను అతని ఇంట్లోనే పెట్టాలి. ఎందుకంటే మామూలు వాడుకరికి వ్యవస్థ గదుల్లో రాసే అధికారం ఉండదు, ఉండకూడదు కూడా. ఇక్కడే ఒక చిత్రం జరిగింది. యూనిక్స్ తొలి రోజుల్లో, ఒక చోట ఉన్న ఫైళ్ళ జాబితా చూపే ప్రోగ్రాములో, చుక్కతో ఉన్న రెండు సాంకేతిక గుర్తులు కనబడకుండా చెయ్యాలనుకున్నారు. తొందరలో, పేరు చుక్కతో మొదలయ్యేది ఏదైనా చూపవద్దు అని రాసేశారు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ ఈ సంగతి 2012లో వివరంగా రాశారు. అది పొరపాటు. కానీ ప్రోగ్రాములు రాసేవారికి అది వరమై కూర్చుంది. పేరు ముందు చుక్క పెడితే యజమాని కంట పడదు! ఇక ప్రతివాడూ మన ఇంట్లో చుక్క పెట్టి ఒక మూట పడెయ్యడమే. సెట్టింగులు, పాత సందేశాలు, చిత్తు కాగితాలు అన్నీ ఒకే మూటలో. రెండో కరణంగారి భోషాణమే.

దీన్ని చక్కదిద్దడానికి ఫ్రీడెస్క్‌టాప్ అనే బృందం వారు 2003లో ఒక ఒప్పందం రాశారు. ఎక్స్‌డీజీ నియమావళి అంటారు. దాని ప్రకారం ప్రోగ్రాము తన సామానును జాతుల వారీగా విడదీయాలి. మన అభిరుచులు, సెట్టింగులు 'కాన్ఫిగ్' అనే అరలో. మనం సంపాదించుకున్న అసలు సమాచారం 'డేటా' అరలో. మళ్ళీ తయారు చేసుకోగలిగిన నకళ్ళు 'క్యాష్' అరలో. 2021లో 'స్టేట్' అని ఇంకో అర చేర్చారు. మొన్న ఏ ఫైలు తెరిచాం, ఎక్కడిదాకా చదివాం వంటి గుర్తులు అందులో.

ఇందులో నాకు నచ్చిన నియమం ఒకటి ఉంది. ప్రోగ్రాము ముందుగా యజమానిని అడగాలి. "మీ డేటా ఎక్కడ పెట్టమని మీరు ఆదేశమిచ్చారా?" అని చూసుకోవాలి. ఇస్తే అక్కడే పెట్టాలి, ఇవ్వకపోతేనే ఒప్పందంలోని మామూలు చోటు. అలాగే ఈటీసీలోని సాధారణ ఉత్తర్వు కంటే ఇంటి యజమాని సొంత ఉత్తర్వుకు బలమెక్కువ. సాధారణ నిబంధన కంటే ప్రత్యేక నిబంధన గట్టిదని మనం ఫైళ్ళలో ఎన్నిసార్లు రాయలేదు?

అందరూ పాటిస్తున్నారా అంటే, లేదు. ఫైర్‌ఫాక్స్ వంటి పేరున్న ప్రోగ్రాము కూడా చాలా ఏళ్ళు తన పాత చుక్క మూటలోనే అన్నీ పెట్టింది. వారికీ ఒక న్యాయం ఉంది. పాత కట్టను కొత్త అరకు మారిస్తే, పాత నంబరుతో వెతుక్కుంటూ వచ్చేవాడికి దొరకదు. లక్షలమంది సామాను చెదిరిపోకుండా మార్చడం సులువు కాదు. రికార్డు గది మార్చినప్పుడల్లా మనం పడ్డ తిప్పలే అవి.

ఇప్పుడు మీ ఫోనుకు వస్తాను. ఆండ్రాయిడ్ వారు ఇంకో దారి పట్టారు. యూనిక్స్‌లో వాడే మనుషులు వేరువేరు, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇల్లు అన్నాను కదా. ఆండ్రాయిడ్‌లో ఒక్కొక్క యాప్‌నే ఒక్కొక్క మనిషిగా లెక్కవేస్తారు. ప్రతి యాప్‌కూ తాళం వేసిన సొంత గది. బ్యాంకు యాప్ గదిలోకి ఆటల యాప్ పోలేదు. మన డబ్బు భద్రంగా ఉండటానికి ఇది మంచిదే. కానీ యాప్‌ను తీసేస్తే ఆ గదినీ పడగొడతారు, లోపల ఏముందో చూడరు. వీటికి బయట అందరికీ చెందిన వసారా ఒకటుంది. డౌన్‌లోడ్, డాక్యుమెంట్స్, కెమెరా ఫోటోలుండే డీసీఐఎం అనే అరలు అందులోవి. యాప్ వెళ్ళిపోయినా వసారాలో పెట్టినవి ఉంటాయి.

మా మిత్రుడి పి.పి.ఓ. బొమ్మలు యాప్ సొంత గదిలో ఉన్నాయి. వసారాలోకి రాలేదు. శాశ్వతంగా ఉంచవలసిన కాగితాన్ని తన గదిలో పెట్టుకుని, ఆ మాట యజమానికి చెప్పలేదు. ఆర్.డిస్. ఫైలు మీద ఎల్.డిస్. అని రాసినట్టయింది. చింపినవాడు కొడుకు, పాపం. రాసినవాడు ఎక్కడో ఉన్నాడు.

ఇక్కడి పిల్లలు కొందరు సాఫ్ట్‌వేరు పనిలో ఉన్నారని విన్నాను. నాయనలారా, మీరు ప్రోగ్రాము రాసేటప్పుడు ఫైలును ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తే, సులువైన చోటు ఏదని చూడవద్దు. ఈ కాగితం పోతే ఎవరికి నష్టం, తిరిగి తయారవుతుందా, ఇది ప్రోగ్రాముదా, మనిషిదా అని అడగండి. మనిషిదైతే మనిషికి కనిపించే చోట, మనిషి అడిగిన చోట పెట్టండి.

తోటి పెన్షనర్లకు నాలుగే మాటలు.

ఒకటి. ఫోను సెట్టింగుల్లో 'క్లియర్ క్యాష్' అని ఉంటుంది. మొదటిసారి చూసి నేను భయపడ్డాను, బ్యాంకులో నగదు పోతుందేమోనని! ఆ క్యాష్ వేరు, ఈ క్యాష్ వేరు. అది చిత్తు కాగితాల బుట్ట. ఖాళీ చేసినా మామూలుగా నష్టం లేదు. దాని పక్కనే 'క్లియర్ డేటా' అనో 'క్లియర్ స్టోరేజ్' అనో ఉంటుంది. దాన్ని మాత్రం నొక్కవద్దు. అది ఆ యాప్ గదిని ఊడ్చేస్తుంది.

రెండు. ఏ యాప్‌తో కాగితం స్కాను చేసినా అక్కడితో ఆపవద్దు. దాన్ని డాక్యుమెంట్స్‌లోకో, డౌన్‌లోడ్‌లోకో సేవ్ చేసి, తెరిచి, కళ్ళారా చూడండి. యాప్ తీసేసే ముందు లోపల మీ సామానేమైనా ఉందేమో చూసుకోండి.

మూడు. ఇంట్లో లైనక్స్ కంప్యూటరుంటే, నకలు తీసేటప్పుడు పైకి కనిపించే ఫైళ్ళు ఒక్కటే తీసుకోకండి. ఫైళ్ళు చూపే కిటికీలో కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే చాలావాటిలో చుక్క మూటలు కూడా కనిపిస్తాయి. ఇంటి మొత్తానికీ నకలు తీసి పెన్‌డ్రైవులో పెట్టండి.

నాలుగు. ఏది ఎక్కడుందో ఒక నోటుపుస్తకంలో రాసి మీ ఇంట్లో వారికి చూపించండి. మన లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఇండెక్సు లేని రికార్డు గది ఉన్నా లేనట్టే. ఫోను ఉంది, అందులో కాగితం ఉంది, తెరిచే అంకె మాత్రం ఆయనతోనే పోయింది అన్న మాట ఏ ఇంట్లోనూ వినపడకూడదు.

ఆ ఇల్లాలి సంగతి ఏమైందని మీరు అడుగుతారు. ఆమెకు ఫ్యామిలీ పెన్షను వచ్చింది. ఆలస్యమైంది, తిరగవలసి వచ్చింది, కానీ వచ్చింది. ఎలా వచ్చిందంటే, పి.పి.ఓ.కు రెండు భాగాలున్నాయి. పెన్షనరు భాగం మన దగ్గర ఉంటుంది, చెల్లించేవారి భాగం ట్రెజరీలో ఉంటుంది. మా మిత్రుడి భాగం చెదలకూ, ఫోనుకూ పోయింది. రెండో భాగం ట్రెజరీ అరలో క్షేమంగా ఉంది. ఒకే కాగితాన్ని రెండు చోట్ల, ఇద్దరి బాధ్యతలో ఉంచాలని ఎప్పుడో ఆలోచించి పెట్టిన పెద్దమనిషి పేరు మనకు తెలియదు. ఆయన కంప్యూటరు చూసి ఉండడు. ఆ రోజు ఆ తల్లి చేతికి ఉత్తర్వు వచ్చినప్పుడు నేను మనసులో ఆయనకే దణ్ణం పెట్టుకున్నాను.

2015లో మీభూమి వచ్చాక, ఆనాడు మేము అటకల మీద వెతికిన అడంగళ్ళు ఈ రోజు మన ఫోనులో కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ పెట్టె మారినంత మాత్రాన ప్రశ్న మారలేదు. ఇది ఎవరిది, ఎంతకాలం ఉండాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరికి తెలియాలి? ఈ నాలుగూ అడిగి పెట్టిన కాగితం దొరుకుతుంది. అడగకుండా పెట్టినది దొరికితే అదృష్టం.

ఇంటికి వెళ్ళగానే ఈ రాత్రే మీ పి.పి.ఓ. ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. మీ ఆవిడకో, మీ వారికో, పిల్లలకో చూపించండి.